తలకిందుల ముఖం

"మీరు ఇంకా చూస్తున్నారా?" అని ఆ సాఫ్ట్‌వేర్ అడిగే సమయానికి మేము చూడటం మొదలుపెట్టనే లేదు.

తెర నల్లగా ఉంది. దాని ఎదుట నా చెల్లెలు హైమవతి కుర్చీ అంచున కూర్చుని, కొంగును రెండు చేతులా పట్టుకొని, నేలవైపు చూస్తోంది. నల్లని తెరవైపు చూడటం ఆమెకు ఆరేళ్ల వయసునుంచి చేతకాదు. ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి. ఇంట్లో ఏ తెర ఆపి ఉన్నా దానిమీద తువ్వాలు కప్పనిదే నిద్రపోదు.

జవాబు చెప్పకపోతే అది ముందుకు కదలదని ప్రయోగశాల అధికారిణి డాక్టర్ ఉజ్వల చెప్పింది. ఆ సాఫ్ట్‌వేర్ పేరు దృశ్యబంధు. గాజును చదివే యంత్రం ప్రయోగశాలవారు సొంతంగా తయారుచేసుకున్నదే గాని, చదివినదానిని బొమ్మగా మార్చి చూపించే పని మాత్రం ఒక కంపెనీవారి దృశ్యబంధు చేతిలో ఉంది. అది అడిగే ప్రశ్నలలో చాలావాటిని ఉజ్వల ఎప్పుడో ఆపివేసిందట. ఈ ఒక్కటీ ఆగదట.

చూస్తున్నాము అని చెప్పాను. అది కృతజ్ఞతలు తెలిపి, ఈ ప్రశ్న మీకు ఎలా అనిపించిందో నక్షత్రాలలో తెలుపమన్నది. నేను చాలా సంవత్సరాలు కుటుంబ న్యాయస్థానంలో వకీలుగా పనిచేశాను. ఎందరో అధికప్రసంగులను ఎదుర్కొన్నాను. అడ్డు ప్రశ్న వేసి, ఆ ప్రశ్న బాగుందా అని తిరిగి అడిగినవారిని మాత్రం అంతకుముందు చూడలేదు.

మేము తీసుకువెళ్లినది మా నాన్నగారి టీవీ. గుంతకల్లు రైల్వే కాలనీలో, మా క్వార్టర్ల వరుసలో, అంటే మా లైనులో, అదే మొదటిది. కొయ్య పెట్టె, దానికి ముందు రెండు జారుడు తలుపులు, తలుపులకు తాళం. ఒకనాటి సాయంత్రం మా అమ్మ వేయించిన ఆ తాళం మళ్లీ తీసినవారు లేరు. తరువాత దానిమీద కుట్టుమిషను, ఆ తరువాత మా ఇంట్లో నా లా పుస్తకాలు కూర్చున్నాయి. ఆ టీవీలో చివరిసారి కనిపించినది ఏమిటో చూడాలని మేము వచ్చాము.

పాత టీవీల గాజుకు లోపలివైపు ఒక పూత ఉంటుంది. బొమ్మ వెలిగిన ప్రతిసారీ ఆ పూతలో దాని జాడ, పక్కనున్న స్పీకరు అదురు జాడ కూడా మిగులుతాయని ఉజ్వల, ఆమెతోటివారు కనిపెట్టారు. కొత్త బొమ్మలు పాతవాటిని కప్పివేస్తాయి గనుక, సెట్టును ఆఖరుసారి ఆపిన రోజు సంగతులు మాత్రమే దొరుకుతాయి. ఒక సన్నని కాంతిరేఖ ఆ పూతను పొర తరువాత పొరగా చదువుతూ పోతుంది. అది చదివిన చోట పూత బూడిద అవుతుంది. అందువల్ల ఏ గాజునైనా ఒక్కసారే చదవగలరు. ఈ మాట చెప్పేటప్పుడు ఉజ్వల మా ముఖాలు జాగ్రత్తగా చూసింది. హైమ తల ఊపింది. కాగితంమీద సంతకం చేసింది కూడా ఆమే. ఆ టీవీకి ఆమెను మించిన హక్కుదారు ఎవరూ లేరని నేనే ఆమె పేరు రాయించాను.

మా వెనుక, తలుపు దగ్గర, హైమ కోడలు లహరి నిలబడి ఉంది. ఆమె ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆనాటి సాయంత్రం గురించి చెప్పాలి.

* * *

అప్పట్లో మంగళవారం, దీపాలు పెట్టిన తరువాత, ఒక దయ్యాల సీరియల్ వచ్చేది. అది హిందీలో ఉండేది. మాకు హిందీ రాదు. దాని పేరు కూడా సరిగా పలకలేక బంగళా కథ అనేవాళ్లం. ఒక పాడుబడిన బంగళా, దానిలో దిగే ప్రయాణికులు, రాత్రివేళ దానంతట అది తెరుచుకొనే తలుపు. మాటలు అర్థం కాకపోవటంచేత మా భయం మరింత పెరిగింది. ప్రతి పాత్ర ప్రతి మాటా దయ్యం గురించే మాట్లాడుతోందని మేము అనుకొనేవాళ్లం.

లైనులోని పిల్లలందరూ మా ముందుగదిలో చాపమీద కూర్చునేవారు. సినిమాహాలులా ఉండాలని దీపం ఆర్పేవాళ్లం. బొమ్మ పెద్దదిగా కనిపించటానికి నాన్నగారు తెర ముందు ఒక ప్లాస్టిక్ భూతద్దం తగిలించారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అది ఉండేది. మా గదికి ఒక నియమం కూడా ఉండేది. భయపెట్టే సంగీతం మొదలుకాగానే అందరూ కళ్లు మూసుకోవాలి. అందరికన్నా చిన్నవాళ్లు మాత్రం తెరిచి ఉంచి, దయ్యం వెళ్లిపోయిన తరువాత "అయిపోయింది, కళ్లు తెరవండి" అని చెప్పాలి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. ఆ గదిలో అందరికన్నా చిన్నది హైమ.

ఆ సాయంత్రం సంగీతం మొదలైంది. మేము కళ్లు మూసుకున్నాం. అయిపోయిందన్న మాట రాలేదు. కేక వచ్చింది.

దీపం వేసేసరికి హైమ చాపమీద స్పృహ లేకుండా పడి ఉంది. ఇంటినిండా గందరగోళం. నీళ్లు, విసనకర్ర, లైనులోని ఆడవాళ్లు. ఎవరూ చూడని సీరియల్ దాని పాటికి అది నడుస్తూనే ఉంది. చాలాసేపటికి నాన్నగారు గమనించి ఆపారు. హైమకు జ్వరం వచ్చి, తగ్గి, మాట వచ్చిన తరువాత ఆమె చెప్పినది ఒకటే. తెరమీదకు ఒక తెల్లటి ముఖం వచ్చింది. తలకిందులుగా ఉంది. నోరు తెరుచుకొని తనవైపే చూసింది.

అటువంటి ముఖం వచ్చిందా అని మమ్మల్ని అడిగారు. భయపడి కళ్లు మూసుకున్నామని ఒప్పుకోవటం ఎవరికీ ఇష్టం లేకపోయింది. రాలేదని అందరమూ అన్నాం. సంగతి కాన్వెంటుకు చేరింది. సిస్టర్ ఆగ్నెస్ ఆ పిల్లను ప్రార్థన సమయంలో ముందుకు పిలిచి, ఇతర పిల్లలను భయపెట్టటానికి అబద్ధాలు అల్లావా అని అడిగారు. ముఖాలు తలకిందులుగా గాలిలో వేలాడతాయా అని అడిగారు. లేదని చెప్పేవరకు వరండాలో మోకాళ్లమీద ఉండమన్నారు. హైమ లేదని చెప్పలేదు. సాయంత్రం నేను వెళ్లి లేవదీసి ఇంటికి తీసుకువచ్చాను.

ఆ నెలలోనే, అదే సిస్టర్ ఆగ్నెస్, పై తరగతిలో ఉన్న మాకు కుంభాకార కటకం పాఠం చెప్పారు. కొవ్వొత్తి వెలిగించి, దానికి ఎదురుగా భూతద్దం పెట్టి, అవతల తెల్లకాగితంమీద కొవ్వొత్తి బొమ్మ తలకిందులుగా పడటం చూపించారు. మేము ఆ పటం వేసి, రంగులు దిద్ది, మంచి మార్కులు తెచ్చుకున్నాం. వరండాలో మోకాళ్లమీద కూర్చున్న పిల్లకూ ఈ కొవ్వొత్తికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు.

తరువాత ఒక డాక్టరు, ఆయన తరువాత మరొక డాక్టరు, ఈమెకు చిన్ననాటినుంచీ లేనివి కనిపిస్తాయి అని రాశారు. ఆ ఒక్క వాక్యం హైమ వెంట పెళ్లివారింటికి వెళ్లింది, కాన్పు గదికి వెళ్లింది, చివరకు హైదరాబాదులోని కొడుకు ఇంటికి వెళ్లింది. ఆ ఇంట్లో గోడలే తెరలు. అన్నిటికీ తువ్వాళ్లు కప్పటం ఎవరివల్లా కాదు. ఒకనాడు హైమ మనవరాలు మిన్నును ఒడిలో పెట్టుకొని కూర్చుని ఉండగా గోడమీది తెర ఆరిపోయింది. ఆమె గట్టిగా అరిచింది. పిల్ల బెదిరిపోయింది. డాక్టరును అడిగితే ఆయన పాత వాక్యాన్నే తిరిగి చదివాడు. ఆనాటినుంచి లహరి పిల్లను నానమ్మ దగ్గర ఒంటరిగా ఉంచటం లేదు.

లహరి చెడ్డ మనిషి కాదు. ఈ విషయం నాతో మాట్లాడేటప్పుడు ఆమె తల దించుకోలేదు, గొంతు పెంచలేదు.

"నేను అత్తయ్యను తప్పుపట్టట్లేదు, పెద్దత్తయ్యా. కానీ నాకున్నది ఒక్క పిల్ల. లేనిది చూసి భయపడే మనిషి దగ్గర ఎలా వదలను? ఆ ముఖం నిజంగా ఉందని చూపించండి. ఆ రోజునుంచి మిన్ను ఆమె దగ్గరే పడుకుంటుంది."

న్యాయమైన మాట. సాక్ష్యం చూపమన్నది. నేను ఉజ్వల ప్రయోగశాలకు ఉత్తరం రాశాను.

* * *

కాంతిరేఖ పని ప్రారంభించింది. నల్లని తెర తెల్లబడి, ఒక వ్యవసాయ కార్యక్రమం కనబడింది. వేరుశనగకు వచ్చే తెగులు గురించి ఒకాయన చెబుతున్నాడు. హైమ మెల్లగా తల ఎత్తింది. తరువాత వార్తలు వచ్చాయి. బొమ్మ అద్దంలా ఉంది. ఉజ్వల ముఖంలో సంతోషం కనిపించింది.

నాకు అనుమానం వచ్చింది. మా యాంటెన్నామీద కాకి వాలని రోజు లేదు. కాకి వాలితే బొమ్మ పక్కకు సాగేది. నాన్నగారు మేడమీదకు ఎక్కి గొట్టాన్ని తిప్పుతూ, వచ్చిందా, వచ్చిందా అని అరిచేవారు. మా టీవీలో బొమ్మ ఏనాడూ ఇంత శుభ్రంగా లేదు. ఆ మాటే ఉజ్వలతో అన్నాను.

దృశ్యబంధు మరకలన్నీ తుడిచి చూపిస్తుందని ఆమె గర్వంగానే చెప్పింది. మరకలంటే ఏమిటని అడిగాను. గీతలు, చుక్కలు, గదిలోనుంచి గాజుమీద పడిన వెలుతురు జాడలు అన్నది. ఆ చివరి మాట ఆమె నోటినుంచి వస్తుండగానే ఆమె ముఖం మారిపోయింది. చేయి చాచి యంత్రాన్ని ఆపింది.

అప్పటికి సీరియల్ మొదలై కొంత నడిచింది. బంగళా కనబడింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు.

తుడవకముందు ఉన్న బొమ్మలను చూపించమన్నాను. తుడవటం పూర్తికాగానే అసలుదాన్ని ఆ సాఫ్ట్‌వేర్ చెరిపివేస్తుందట. స్థలం ఆదా కోసమట. తుడవకుండా చేయవచ్చునా అంటే, కంపెనీవారు ఆ వీలు ఇవ్వలేదట. కంపెనీ సహాయ కేంద్రాన్ని పిలిచాం. ఒక తియ్యని గొంతు మా అసౌకర్యానికి విచారం తెలిపి, మేము మనిషితో మాట్లాడాలనుకుంటున్నామా అని అడిగి, అవునంటే మళ్లీ మొదటికి వచ్చింది. లహరి తన ఫోనులో ఏదో వెతికింది. హైమ మాత్రం ఆగి నల్లబడిన, తాను ఏనాడూ చూడలేని తెరవైపే చూస్తూ, "పోయిందాక్కా?" అని అడిగింది.

పోలేదని చెప్పాను. గాజులో చివరి భాగం ఇంకా మిగిలి ఉంది.

మా కాన్వెంటులో ఒక అలవాటు నేర్పారు. ప్రశ్నపత్రం చేతికి రాగానే కలం పట్టకూడదు. మొదటి అక్షరంనుంచి చివరి చుక్కవరకు చదివిన తరువాతే పట్టాలి. సిస్టర్ ఆగ్నెస్ చేసిన అన్యాయాన్ని నేను మరచిపోలేదు, ఆమె నేర్పిన ఆ అలవాటునూ వదులుకోలేదు. నువ్వు ఆపివేసిన ప్రశ్నలన్నీ మళ్లీ తెరువు, నేను చదవాలి అని ఉజ్వలకు చెప్పాను. ఆమె నిట్టూర్చింది. అవి తెరిస్తే నిమిషం కూడా ప్రశాంతంగా ఉండనివ్వవని హెచ్చరించి, తెరిచింది.

నిజంగానే ఉండనివ్వలేదు. ఈ దృశ్యంలోని వేరుశనగను కొనదలచుకున్నారా? వార్తలు చదివే వ్యక్తి ముఖాన్ని మీ కుటుంబ ఆల్బంలో చేర్చమంటారా? సీరియల్ ఆరంభాన్ని దాటవేయమంటారా? మీ స్నేహితులకు మీరు భయపడుతున్నట్టు తెలియజేయమంటారా? నేను అన్నిటినీ చివరివరకు చదివాను. లహరి మొదట చిరాకుపడి, తరువాత నవ్వటం మొదలుపెట్టింది. నేను నవ్వలేదు. అటువంటి ప్రశ్నల అడుగున ఒకటి ఉంది.

భయానక ముఖం కనబడినచో దానిని మృదువుగా మార్చమంటారా? దాని కింద ఎంచుకోవటానికి మూడు జవాబులు. అవును. వద్దు, ఉన్నది ఉన్నట్టు చూపు. ఇక అడగవద్దు.

అందరూ మూడవదాన్ని నొక్కుతారు. ఉజ్వల కూడా ఎప్పుడో దానినే నొక్కింది. దాని కింద చిన్న అక్షరాలలో రాసి ఉన్నదాని ప్రకారం, అడగవద్దు అంటే, నీ ఇష్టప్రకారం మార్చుకో అని ఆ సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకుంటుంది. రెండవది ఎంచుకున్నప్పుడు మాత్రం, భయపెట్టేది ఏదైనా సరే, అది సీరియల్‌లోనిదైనా గదిలోదైనా, తాకకుండా వదలివేస్తుంది. మరకలు తుడిచే పని ఈ ప్రశ్న తరువాతే మొదలవుతుంది. ఉజ్వల దాన్ని నాకంటే వేగంగా గ్రహించి, కుర్చీలో నిటారుగా కూర్చున్నది.

చిక్కు ఒకటి మిగిలింది. ఆ ప్రశ్న ముఖం కనబడిన క్షణంలోనే వస్తుంది. జవాబు అప్పుడే చెప్పాలి. చెప్పేవారు తెరవైపు చూస్తూ ఉండాలి. తెరపైన ఉన్న చిన్న కెమెరా కన్ను, చూసేవారిగా పేరు రాసుకున్నవారి కళ్లను గమనిస్తుంది. కళ్లు మూసుకుంటే భయపడ్డారనుకొని, దానంతట అదే ముఖాన్ని కరిగించివేస్తుంది.

నేను చూస్తాను, నా పేరు రాయండి అన్నాను. వకీలు గొంతుతోనే అన్నాను.

"వద్దక్కా," అన్నది హైమ. "అప్పుడు చూసింది నేను. ఇప్పుడూ నేనే చూస్తా. మీరంతా కళ్లు మూసుకోండి."

ఆమె కొంగు వదిలిపెట్టి, కుర్చీని తెర దగ్గరకు లాక్కున్నది. గదిలో దీపం ఆర్పమన్నది. ఉజ్వల నావైపు చూసింది. ఆర్పమని సైగ చేశాను.

* * *

బంగళా. వరండాలో గాలికి కదిలే గంట. ప్రయాణికురాలు కిటికీ మూసింది. సంగీతం మొదలైంది.

అన్ని సంవత్సరాలు దాటినా ఆ సంగీతం నా వెన్నులో ఏ చోటికి తగలాలో ఆ చోటికే తగిలింది. నా కళ్లు మూతపడ్డాయి. పక్కన లహరి చేయి నా మోచేతిని పట్టుకొన్నది. ఆమె కూడా చూడటం లేదని అర్థమైంది. తలుపు కిర్రుమన్నది. సంగీతం ఆగింది. ఆ నిశ్శబ్దంలో దృశ్యబంధు తన తియ్యని గొంతుతో అడిగింది.

"భయానక ముఖం కనబడింది. మృదువుగా మార్చమంటారా?"

హైమ ఊపిరి వినిపించింది. ఆ పిల్ల చాపమీద పడిపోయిన చప్పుడు మళ్లీ వినబోతున్నానని అనుకున్నాను. లేచి ఆమె దగ్గరకు వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

"వద్దు," అన్నది హైమ. "ఉన్నది ఉన్నట్టు చూపు."

ఆ తరువాత, ఎప్పుడో వినవలసిన మాట మాకు ఇప్పుడు వినబడింది.

"అయిపోయింది. కళ్లు తెరవండి."

తెరిచాం. చీకటి తలుపుమీద, తెరకు ఒక పక్కగా, తెల్లని ముఖం తలకిందులుగా నిలిచి ఉంది. నోరు తెరుచుకొని ఉంది. లహరి నా చేతిని గట్టిగా నొక్కింది. ఉజ్వల ఏదో మీట తిప్పింది. బొమ్మ మెల్లగా తిరిగి నిటారుగా నిలిచింది.

ఒక యువతి. ముక్కుపుడక. కనుబొమలమీద, చెంపలమీద, జుట్టుమీద అంతటా పిండి. నోటికి అడ్డంగా పెట్టబోయిన చేయి సగంలో ఆగిపోయింది. ఆమె ముఖానికి అటూ ఇటూ కిటికీ ఊచల నీడలు. ఎవరినో భయపెట్టటానికి వచ్చిన ముఖం కాదది. భయపడిన ముఖం.

మా లైనుకు ఎదురుగా ఉన్న పిండిమిషనులో పనిచేసే హుసేనమ్మ.

ఆ సాయంత్రం గదిలో దీపం లేదు. తెరమీద కూడా చీకటి దృశ్యమే. రైల్వే యార్డులో బోగీలను అటూ ఇటూ మారుస్తూ షంటింగు చేస్తున్న ఇంజను మలుపు తిరిగి ఉంటుంది. దాని వెలుగు మా కిటికీ బయట పక్కగా నిలబడి టీవీ చూస్తున్న ఆ తెల్లటి ముఖంమీద ఒక్క క్షణం పడింది. తెర ముందున్న భూతద్దం, కొవ్వొత్తిని కాగితంమీదకు దించినట్టే, ఆ ముఖాన్ని గాజుమీదకు తలకిందులుగా దించింది. మేమందరం కళ్లు మూసుకొని ఉన్నాం. తెరిచి ఉన్నవి రెండు కళ్లే.

ఉజ్వల ఇదంతా వివరించటం మొదలుపెట్టింది గాని హైమ వినటం లేదు. తెర దగ్గరకు వెళ్లి, వేలితో ఆ పిండి ముఖాన్ని తాకింది. ఆ తెరనే ఆమె తాకింది.

"పాపం," అన్నది. "నాకన్నా ఎక్కువ జడుసుకున్నట్టుంది ఈమె."

అని నవ్వింది. నవ్వుతూ కూర్చుండిపోయింది. ఏడుస్తోందేమోనని లహరి వంగి చూసి, ఆమె పక్కనే నేలమీద కూర్చుని, తల ఆమె మోకాలికి ఆనించింది. క్షమాపణ చెప్పింది. హైమ ఆ మాట వినిపించుకోకుండా, రాత్రి మిన్ను ఏ వైపు తిరిగి పడుకుంటుందని అడిగింది.

గాజులో చివరి కొసరు ఇంకా ఉంది. నాన్నగారు ఆపేవరకు, ఎవరూ చూడకుండా నడిచిన భాగం. దానిని కూడా చదివారు గాని, చూద్దామా అంటే హైమ ఒప్పుకోలేదు. హుసేనమ్మ కూడా అది చూసి ఉండదని, బతికి ఉంటే ఆమెతో కలిసి చూద్దామని అన్నది. యంత్రం పూర్తిగా ఆగిన తరువాత గాజును బయటికి తీసి చూపించారు. పొయ్యిలోంచి తీసినట్టు బూడిద రంగులో ఉంది. ఇక దానిలో ఎవరూ లేరు.

* * *

అందరూ సంతోషంగా ఇంటికి వెళ్లారని ముగిస్తే అది పూర్తి సత్యం కాదు.

హైమను, లహరిని కారులో కూర్చోబెట్టి, సంచి మరిచిపోయి లోపలికి వెళ్లాను. ఉజ్వల దీపం వేసుకోకుండా కూర్చుని ఉంది. ఎండాకాలంలో ఒక వృద్ధుడు తన టీవీ తెచ్చాడట. దానికీ భూతద్దం ఉండేదట. ఆయన భార్య చనిపోయింది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆమె ప్రతి సాయంత్రం ఆ టీవీకి ఎదురుగా, లాంతరు పక్కన కూర్చుని బియ్యం ఏరేదట. గాజులో ఏమైనా మిగిలి ఉంటుందా అని ఆయన వచ్చాడు. దృశ్యబంధు ఆయనకు మచ్చలేని క్రికెట్ ఆట చూపించింది. ఆయన చాలా బాగుందమ్మా అని చెప్పి, ఖాళీ పెట్టెను ఆటోలో వేసుకొని వెళ్లిపోయాడు.

"మరకని తుడిచేశాం మేడమ్. ఆయనకి నేనిప్పుడు ఏం చెప్పాలి?"

"జరిగింది చెప్పు," అన్నాను. "ఫోనులో కాదు. ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పు."

ఆమె వెళ్లింది. ఆయన ఏమన్నాడో నేను అడగలేదు. ఆ తరువాత ఆమె తన ప్రయోగశాలలో ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడటం మానివేసింది. అడగవద్దు అన్నవాడు అంగీకరించినట్టు కాదని, ఒకరి గాజులోని ముఖాన్ని మరక అని నిర్ణయించే అధికారం కంపెనీకి లేదని నేను ఉజ్వల, ఆ వృద్ధుడు, ఇద్దరి తరఫునా వ్యాజ్యం వేశాను. అది ఇంకా నడుస్తోంది. కంపెనీ వకీలు చాలా మర్యాదస్థుడు. వాయిదాకు ముందు నా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు. బాగుందని, అతని కేసుకన్నా బాగుందని చెబుతుంటాను.

* * *

హుసేనమ్మ గుంతకల్లులోనే ఉంది. పిండిమిషను లేదుగాని ఆ వీధి ఉంది. కూతురి ఇంట్లో, మంచంమీద ఒరిగి కూర్చుని, మేము చెప్పినదంతా విన్నది. మిన్నుతో సహా నలుగురం వెళ్లాం. రైలులో మిన్ను హైమ ఒడిలోనే నిద్రపోయింది. లహరి కిటికీవైపు తిరిగి పుస్తకం చదువుకుంది. పిల్లను ఎత్తుకొనే మాట ఆమె ఎత్తలేదు.

తన ముఖం ఉన్న ఫోటోను చూపించినప్పుడు హుసేనమ్మ మొదట గుర్తుపట్టలేదు. తరువాత నోటికి చేయి అడ్డం పెట్టుకొన్నది. ఫోటోలో సగంలో ఆగిన ఆ చేయి అన్నేళ్లకు తన చోటికి చేరినట్టు నాకు తోచింది.

ప్రతి మంగళవారం మిషను కట్టేసి, నేరుగా మా కిటికీ దగ్గరకు వచ్చేదట. లోపలికి ఎందుకు రాలేదని హైమ అడిగింది.

"మీయమ్మ రమ్మనే అనేదిలే. ఒంటినిండా జొన్నపిండి గదమ్మా. మీ సాప పాడైతాదని నేనే రాలా."

అమ్మ రమ్మన్నట్టు నాకు గుర్తు లేదు. ఎన్ని మంగళవారాలు ఆలోచించినా గుర్తు రాలేదు. హుసేనమ్మ అలా చెప్పటం ఆమె పెద్దరికం. నేను ఆ పెద్దరికానికి నమస్కరించి ఊరుకున్నాను.

హైమ కేక విని ఆమె పారిపోయిందట. మరునాడు వీధిలో ఆ ఇంట్లో దయ్యం ఉందని, తెల్ల ముఖమని, చిన్నపిల్లను పట్టుకుందని చెప్పుకున్నారట.

"నేను ఆ పొద్దే దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొంటి. మీ ఇంటి ముందర నడవాలంటేనే బయం. సుట్టు తిరిగి బావికి పోతాంటి. ఆ దయ్యం నేనేనా?"

హైమ అవునని తల ఊపింది. హుసేనమ్మ కూతురిని పిలిచి, చెక్కపెట్టెలో అడుగున ఉన్న ఆ తాయెత్తు తెమ్మన్నది. నల్లదారం పూర్తిగా నలిగిపోయింది. దానిని హైమ చేతిలో పెట్టి, నన్ను చూసి జడిసినావు, నీకు కట్టించాల్సింది నేను కట్టించుకొంటి అని నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. లహరి కళ్లు తుడుచుకుంది.

తరువాత, ఎవరూ చూడని ఆ చివరి భాగాన్ని ఆమె మంచానికి ఎదురుగా ఒక తెరమీద పెట్టాం. ఆ రోజు దృశ్యబంధు తయారుచేసినది గనుక అది దానిలోనే తెరుచుకుంటుంది. హైమ తెర ముందు నేలమీద, మిన్నును ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఇంటినుంచి ఆమె ఒక్క తువ్వాలు కూడా తేలేదని అప్పుడు గమనించాను.

"మీరు ఇంకా చూస్తున్నారా?" అన్నది దృశ్యబంధు.

"సూస్తాండాం. నువ్వు నోరు మూసుకో," అన్నది హుసేనమ్మ.

బంగళా తలుపు తెరుచుకొని ఉంది. ప్రయాణికురాలు గోడకు అతుక్కుపోయింది. మెట్లమీద ఎవరివో అడుగులు. సంగీతం మొదలైంది. మిన్ను నానమ్మ కొంగులో ముఖం దాచుకుంది. హుసేనమ్మ మంచంమీద అటు తిరిగింది. నా కళ్లు నా మాట వినలేదు.

చీకటిలో ఏదో పశువు అరిచింది. హైమ నవ్వు వినిపించింది.

"మేకపిల్ల," అన్నది. "బంగళా వాచ్‌మను దాన్ని వెతుక్కుంటా వచ్చినాడు. అంతే. అయిపోయింది. అందరూ కళ్లు తెరవండి."

మిన్ను ముందు ఒక కన్ను తెరిచి చూసింది.